‘సిక్స్‌టీన్ టన్స్’ తీసేస్తేనే ఎర్నీ ఫోర్డ్ వినబడతాడు

అమెరికా పల్లె సంగీతమైన ‘కంట్రీ’ పాడిన టెన్నెసీ ఎర్నీ ఫోర్డ్ పాటల సంకలనం దాదాపు ఏది తీసుకున్నా అందులో ‘సిక్స్‌టీన్ టన్స్’ ఉండి తీరుతుంది. అయితే మొదటి పాటగా, లేకపోతే చివరి పాటగా. అట్ట మీద ‘కంట్రీ, బూగీ క్లాసిక్స్’ అని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా ఆ పాట లేకుండా అమ్మడానికి ఇప్పుడు చాలామందికి ధైర్యం చాలదు. నన్నడిగితే ఈ గాయకుడి బూగీ (పియానో మీద పుట్టిన ఊపు సంగీతం) పాటలకు జరిగిన అతి పెద్ద నష్టం అదే. ఆ ఒక్క పాటా పక్కన ఉంటే మిగతావన్నీ దానికి ముందు పాడుకున్న కూనిరాగాల్లా వినిపిస్తాయి. వాటి లెక్క వేరు, వాటి ఊపు వేరు, వాయించిన మనుషులూ చాలావరకు వేరు.

‘సిక్స్‌టీన్ టన్స్’ మంచి పాట కాదని కాదు. మెర్ల్ ట్రావిస్ 1946లో కెంటకీ బొగ్గు గనుల బతుకు మీద రాసి పాడుకున్నాడు. ఎంత తవ్వినా కంపెనీ కొట్లో బాకీ తీరని కూలివాడి పాట అది. ఫోర్డ్ 1955 సెప్టెంబరులో రికార్డు చేశాడు. జాక్ ఫాసినాటో కూర్చిన వాద్యంలో క్లారినెట్ మెట్లు దిగినట్టు దిగుతుంది, దాని వెనక చిటికెలు. లయ చెప్పడానికి ఫోర్డ్ వేసిన చిటికెలవి. బాగున్నాయి, ఉంచెయ్యమన్నాడు నిర్మాత లీ జిలెట్. క్యాపిటల్ కంపెనీ ఈ పాటను రికార్డు రెండో వైపున వేసింది. మొదటి వైపు పాట పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. రెండో వైపు పాట మాత్రం జనాదరణను లెక్కగట్టే కంట్రీ పట్టికలోనూ పాప్ పట్టికలోనూ మొదటి స్థానానికి ఎక్కింది. అయితే ఆ పాటలో బూగీ బొత్తిగా లేదు. మైనర్ స్వరాల్లో, నెమ్మదిగా, జాజ్ వాసనతో సాగే పాట. దాన్ని బూగీ సంకలనంలో కలపడం, హరికథల సంపుటంలో లలిత గీతం కలిపినట్టు ఉంటుంది.

మరి ఫోర్డ్ బూగీ ఎక్కడుంది? 1949 నుంచి 1953 దాకా వైపుకొక పాటతో వచ్చిన సింగిల్స్‌లో. ఈ అయిదేళ్ళు దాటితే ఊపు తగ్గిపోతుంది. సినిమా పాటలు, డేవీ క్రాకెట్ పాట, టీవీ షో, 1956 నుంచి భక్తిగీతాల ఆల్బములు, ఇలా మరో మనిషి మొదలవుతాడు.

ఎర్నెస్ట్ జెన్నింగ్స్ ఫోర్డ్ 1919లో టెన్నెసీలోని బ్రిస్టల్ దగ్గర పుట్టాడు. రాష్ట్రాల సరిహద్దు నడివీధిలోంచి పోయే ఊరది. వీధికి ఇటు టెన్నెసీ, అటు వర్జీనియా. విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ 1927లో వచ్చి తొలితరం కంట్రీ గాయకులైన కార్టర్ కుటుంబాన్నీ జిమ్మీ రోడ్జర్స్‌నీ రికార్డు చేసింది ఇక్కడే. (అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్ళు వర్జీనియా వైపు నడిస్తే ఆ చరిత్ర మీద 2014లో తెరిచిన మ్యూజియం చూడొచ్చు.) ఫోర్డ్ స్థానిక రేడియోలో అనౌన్సరుగా చేరాడు, కొన్నాళ్ళు సిన్సినాటి కన్సర్వేటరీలో గాత్రం నేర్చుకున్నాడు, యుద్ధకాలంలో వైమానిక దళంలో పనిచేశాడు, యుద్ధం అయ్యాక కాలిఫోర్నియా రేడియోలో కుదురుకున్నాడు. అక్కడ క్లిఫీ స్టోన్ చేతిలో పడ్డాడు. స్టోన్ అంటే బేస్ (మంద్రపు తీగ వాద్యం) వాద్యకారుడు, ‘హోమ్‌టౌన్ జాంబరీ’ కార్యక్రమం నడిపేవాడు, క్యాపిటల్ కంపెనీకి కొత్త గొంతులు వెతికిపెట్టేవాడు, అన్నీ ఆయనే. 1949లో ఫోర్డ్ క్యాపిటల్‌లో చేరాడు.

గాత్ర శిక్షణ, రేడియో ఉద్యోగం, ఈ రెండు సంగతులూ పాటల్లో వినబడతాయి. నేర్చుకున్న గాత్రం ఉంది గనక కింది స్వరాలు కూడా గుండ్రంగా, మాట చెదరకుండా వస్తాయి. రేడియో అనౌన్సరు గనక పాట మధ్యలో మాట్లాడతాడు, నవ్వుతాడు, చమత్కారం విసిరి మళ్ళీ లయలోకి దూకుతాడు. ఆ మాటల విసురు కూడా బార్ (ఆవర్తం) లెక్క తప్పదు.

బూగీ అంటే ఏమిటో మన సంగీతం భాషలో చెప్పుకుంటే తేలిక. పియానో మీద ఎడమచెయ్యి ఒకే వరస తిప్పుతూ ఉంటుంది: స గ ప ద ని ద ప గ. గాంధారం అంతరం, ధైవతం చతుశ్రుతి, నిషాదం కైశికి. అంటే హరికాంభోజి స్వరాల్లోంచి రిషభ మధ్యమాలు తీసేసినట్టు. నాలుగు దెబ్బల బార్‌లో ఈ ఎనిమిది స్వరాలు పడతాయి, దెబ్బకు రెండు చొప్పున. అయితే ఆ రెండూ సమానం కావు. దెబ్బను తిశ్రంగా మూడు ముక్కలు చేసి, మొదటి స్వరానికి రెండు ముక్కలు, రెండోదానికి ఒకటి ఇస్తారు. ఊపంతా ఆ రెండు–ఒకటి లెక్కలోనే ఉంది. రెండూ సమానంగా వాయిస్తే కవాతు అవుతుంది. మూడు–ఒకటి లెక్కలోకి జారితే కుంటినడక అవుతుంది. పాట వేగం పెరిగే కొద్దీ మంచి వాద్యకారులు ఆ తేడాను కాస్త తగ్గిస్తారు. అలా తగ్గించకపోతే పాట రొప్పుతుంది.

వరస ఒకే చోట తిరగదు. పన్నెండు బార్ల చట్రం ఉంటుంది. మొదటి నాలుగు బార్లు షడ్జం మీద, తర్వాతి రెండు మధ్యమాన్ని ఆధారం చేసుకుని, మళ్ళీ రెండు షడ్జం మీద, తర్వాత రెండు పంచమం మీద (లేదా ఒకటి పంచమం, ఒకటి మధ్యమం), చివరి రెండు షడ్జం మీద. అదే వరసను ఆధారం మార్చి వాయించడమే. రుచి ఇక్కడే పుడుతుంది. మధ్యమం ఆధారంగా అదే వరస వేస్తే దాని నిషాదం వచ్చి మన అసలు శ్రుతిలో సాధారణ గాంధారం అవుతుంది. పంచమం ఆధారంగా వేస్తే దాని గాంధారం వచ్చి కాకలి నిషాదం అవుతుంది. అంటే ఒకే పాటలో రెండు గాంధారాలు, రెండు నిషాదాలు మాటిమాటికీ ఎదురుపడుతుంటాయి. గాయకుడు ఆ రెండు గాంధారాల మధ్య ఎక్కడో గొంతు ఆన్చి జారుస్తాడు. బ్లూస్ మెలిక అంటే అదే. ఫోర్డ్ ఆ జారుడును పొదుపుగా వాడతాడు. ఇది అతని లోపమని అనేవాళ్ళున్నారు. నాకు మాత్రం అది అతని తెలివిగా కనిపిస్తుంది. నేర్చుకున్న గొంతుతో బ్లూస్ నటించబోయి అభాసుపాలైన కంట్రీ గాయకులు ఆ రోజుల్లో తక్కువేం లేరు.

గిటారు చేతిలో ఉన్నవాళ్ళు దీన్ని పది నిమిషాల్లో పట్టుకోవచ్చు. ‘ఎ’ శ్రుతి తీసుకోండి. ఐదో తీగ ఖాళీగా, నాలుగో తీగ రెండో మెట్టు మీద పట్టి రెండు దెబ్బలు. నాలుగో తీగ మీదే నాలుగో మెట్టుకు జరిగి రెండు. ఐదో మెట్టు మీద రెండు. తిరిగి నాలుగో మెట్టు మీద రెండు. ఎనిమిది అయ్యాయి. ‘డి’కి వెళ్ళాలంటే మొత్తం ఒక తీగ సన్నవైపు జరపండి: నాలుగో తీగ ఖాళీ, మూడో తీగ మీద అవే మెట్లు. ‘ఇ’కి లావువైపు: ఆరో తీగ ఖాళీ, ఐదో తీగ మీద అవే మెట్లు. కుడి అరచేతి అంచు వంతెన మీద ఆనాలి, తీగలు పొడిగా మోగాలి. చెయ్యి ఇంకాస్త ముందుకు వస్తే స్వరమే చచ్చిపోయి టకటకలు మిగులుతాయి. బాగా వెనక్కి పోతే గంటలా మోగి పాటను కప్పేస్తుంది. చిటికెన వేలు ఐదో మెట్టుకు అందక చాలామంది అక్కడ లయ జారవిడుస్తారు. వేగం తగ్గించి వాయించడం తప్ప దీనికి మందు లేదు.

ఈ వరస ఫోర్డ్‌ది కాదు, కంట్రీ సంగీతానిదీ కాదు. ఏ సంకలనమైనా అట్ట వెనక ముందు రాయాల్సిన వాక్యం ఇదని నా పట్టుదల. నల్లజాతి పియానో వాద్యకారులు సారా కొట్లలో, అద్దె ఇళ్ళ విందుల్లో తయారుచేసిన సంగీతం ఇది. మీడ్ లక్స్ లూయిస్ 1927లో రైలు బూగీ రికార్డు చేశాడు. పైన్‌టాప్ స్మిత్ 1928లో పాట పేరులోనే ‘బూగీ వూగీ’ పెట్టి రికార్డు చేశాడు, మరుసటి ఏడాది షికాగోలో తుపాకీ గుండు తగిలి పోయాడు. ఆ పేరు దేశమంతా మోగేనాటికి అతను లేడు. 1938 డిసెంబరులో న్యూయార్క్ కార్నెగీ హాల్ కచేరీలో లూయిస్, ఆల్బర్ట్ అమన్స్, పీట్ జాన్సన్ వాయించాకే తెల్లవాళ్ళకు ఈ పిచ్చి పట్టింది. 1939లో జానీ బార్‌ఫీల్డ్ అనే కంట్రీ గాయకుడు బూగీ పాట రికార్డు చేశాడు. యుద్ధం అయ్యాక డెల్మోర్ సోదరులు గిటార్ల మీదకు దించారు, ఆర్థర్ స్మిత్ ‘గిటార్ బూగీ’తో ఊరూరా మోగించాడు. ఆ దారి వేశాకే ఫోర్డ్ వచ్చాడు. పియానో ఎడమచేతి పని గిటార్లు, బేస్ పంచుకున్నాయి. బిల్‌బోర్డ్ పత్రిక నల్లవాళ్ళ పాటల పట్టికకు ‘రేస్’ అన్న పేరు తీసి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని పెట్టిందీ, ఇవతలి పట్టికకు ‘కంట్రీ అండ్ వెస్టర్న్’ అని పెట్టిందీ 1949లోనే. ఒకే వరస, రెండు పట్టికలు. ఫోర్డ్ తప్పేమీ లేదు. ఆ సంగతి దాచి అతన్ని ‘బూగీ పితామహుడు’ అని అమ్మేవాళ్ళది తప్పు.

రెండో అబద్ధం ‘రాక్ అండ్ రోల్‌కు తాత’ అనేది. ఇది క్యాపిటల్ కంపెనీయే మొదలుపెట్టింది. 1957లో, దేశమంతా రాక్ అండ్ రోల్ అని ఊగుతున్నప్పుడు, ఫోర్డ్ పాత సింగిల్స్ పోగుచేసి ‘ఓల్ రాకిన్ ఎర్న్’ అని పేరు పెట్టి ఎల్.పి. (ఎక్కువ పాటలు పట్టే పెద్ద రికార్డు) వేసింది. పాటల ఎంపిక బ్రహ్మాండం. ‘షాట్‌గన్ బూగీ’, ‘బ్లాక్‌బెరీ బూగీ’, ‘క్యాట్‌ఫిష్ బూగీ’, ‘కిస్సిన్ బగ్ బూగీ’, ‘కంట్రీ జంక్షన్’, ‘యాంటిసిపేషన్ బ్లూస్’ అన్నీ అందులో ఉన్నాయి. ఈ గాయకుడి మీద వచ్చిన సంకలనాల్లో నాకు నచ్చిన ఎంపిక ఇప్పటికీ అదే. ‘సిక్స్‌టీన్ టన్స్’ అప్పటికే లోకమంతా ఎరిగిన పాట. అయినా దాన్ని ఇందులో కలపకుండా ఆ ఆల్బమును నిలబెట్టారు. పేరు మాత్రం వ్యాపారం.

ఎందుకంటే ఈ పాటల్లో రాక్ అండ్ రోల్‌కు ఆయువుపట్టయిన రెండు సంగతులు లేవు. ఒకటి, రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా విరుచుకుపడే డ్రమ్ము. ఇక్కడ డ్రమ్ము ఉన్నా వెనకే ఉంటుంది. నడక నడిపేది బేస్, దానికి అతుక్కుని సాగే గిటారు. రెండు, కుర్రకారు ఆవేశం. ఫోర్డ్ పాటల్లో మనుషులు సంసారులు. ‘యాంటిసిపేషన్ బ్లూస్’లో మొగుడు బిడ్డ పుట్టుక కోసం ఎదురుచూస్తూ నలిగిపోతాడు. ఇంకో పాటలో తెల్లవారుజామున లేచి పాలు పితకాల్సిన గోల. ‘షాట్‌గన్ బూగీ’లో వేటకు వెళ్ళినవాడికి వేటంటే ఇష్టపడే పిల్ల దొరుకుతుంది, ఆ వెంటనే తుపాకీతో ఆ పిల్ల తండ్రీ దొరుకుతాడు. పల్లెటూరి హాస్యం. రచ్చబండ దగ్గర కూర్చుని పిట్టకథ చెప్పేవాడి గొంతు. ఫోర్డ్ స్వయంగా రాసిన ఆ పాట 1950 చివర్లో వచ్చి, బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. అది కొన్నవాళ్ళు పదహారేళ్ళ పిల్లలు మాత్రమే అయ్యుంటే అన్ని వారాలు నిలిచేది కాదు.

ఇక వాద్యం. హాలీవుడ్ మెల్రోజ్ అవెన్యూలోని క్యాపిటల్ స్టూడియోలో ఆ రోజుల్లో పనిచేసిన కాలిఫోర్నియా గుంపు వేరే జాతి. స్పీడీ వెస్ట్ దగ్గర పాల్ బిగ్స్‌బీ చేత్తో తయారుచేసిన పెడల్ స్టీల్ గిటారు ఉండేది. ఎడమచేతి ఉక్కు కడ్డీని తీగల మీద జార్చాల్సినవాడు ఒక్కోసారి దాన్ని ఎత్తి దభాలున వేస్తాడు. పళ్ళెం పడ్డ చప్పుడూ స్వరమూ కలిసి వస్తాయి. జిమ్మీ బ్రయాంట్ ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ అప్పుడే తయారుచేసిన గిటారు వాయించేవాడు. 1950లో దాని పేరు బ్రాడ్‌కాస్టర్. డ్రమ్ములు తయారుచేసే మరో కంపెనీకి ఆ పేరు ముందే ఉందని 1951లో టెలికాస్టర్‌గా మార్చారు. ఇద్దరూ జోడీ కడితే స్వరాలు వడగళ్ళలా పడతాయి. బిల్లీ లీబర్ట్ పియానో, అకార్డియన్ చూసుకునేవాడు. కే స్టార్‌తో ఫోర్డ్ పాడిన ‘ఐ విల్ నెవర్ బి ఫ్రీ’ (1950) వినండి. బూగీ కాదు, నెమ్మదైన పాట. స్పీడీ వెస్ట్ చేతిలో స్టీల్ గిటారు మూడో గాయకుడిలా మాట్లాడుతుంది. గాయకుడి పేరు మాత్రమే వేసి వాద్యకారుల పేర్లు వెయ్యని సంకలనం సగం అట్టతో అమ్మినట్టే లెక్క.

ఇప్పుడు అసలు చిక్కు: ఏ ప్రతి కొనాలి, ఏది వినాలి. ఒకే పాట నాలుగైదు రూపాల్లో తిరుగుతోంది.

మొదటి ఉచ్చు దొంగ స్టీరియో. ఈ పాటలన్నీ మోనోలో, అంటే ఒకే చానల్లో రికార్డయ్యాయి. స్టీరియో అంటే జనం ఎగబడుతున్నారని క్యాపిటల్ 1961 నుంచి పాత మోనో టేపులను ‘డ్యూఫోనిక్’ పేరుతో మార్చి అమ్మింది. ఒకవైపు మంద్రం, మరోవైపు తారం ఎక్కువచేసి, రెండింటి మధ్య సెకనులో వెయ్యోవంతుల లెక్కన జాప్యం పెట్టేవారు. ఇయర్‌ఫోన్‌లో వింటే ఫోర్డ్ గొంతు నూతిలోంచి వస్తుంది, బేస్ ఒక చెవిలో, చప్పట్లూ తీగల మెరుపూ ఇంకో చెవిలో. ఫోన్ స్పీకర్లో రెండు చానళ్ళూ కలిసినప్పుడు ఇంకా ఘోరం, జాప్యం వల్ల కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బూగీ అంటే బేస్ వరసే కదా, దాని అంచులు అరిగిపోతే మిగిలేదేమిటి?

కనిపెట్టడం కష్టం కాదు. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, రెండు చానళ్ళను విడి మోనో ట్రాకులుగా విడదీయండి. ఒకదాన్ని తలకిందులు చేసే ‘ఇన్వర్ట్’ ఆదేశం ఇవ్వండి. రెండూ కలిపి వినండి. అసలైన మోనో అయితే నిశ్శబ్దం వస్తుంది, కుదించిన ఫైలైతే సన్నటి గుసగుస మిగలొచ్చు. పాత రికార్డునుంచి చానళ్ళు కలపకుండా ఎక్కించినదైతే చిటపటలు మిగులుతాయి, పాట ఉండదు, ఉన్నా ఎక్కడో సన్నగా ఉంటుంది. పాట స్పష్టంగా వినబడిందంటే అది దొంగ స్టీరియో, లేదా తర్వాతెప్పుడో మళ్ళీ పాడిన స్టీరియో రికార్డింగు.

రెండో ఉచ్చు ఆ మళ్ళీ పాడినవే. ఏ గాయకుడైనా కంపెనీ మారినప్పుడో, స్టీరియో కావాలన్నప్పుడో పాత పాటలు మళ్ళీ పాడటం మామూలే. ఫోర్డ్ పేరుతో కొనేటప్పుడు నాలుగు గుర్తులు చూడండి. వెనక బృందగానం ఉంటే అనుమానించండి. డ్రమ్ము ముందుకొచ్చి కూర్చుంటే అనుమానించండి. స్టీల్ గిటారు దభాలు లేకపోతే అనుమానించండి. పాట నిడివి మూడు నిమిషాలు దాటినా అంతే. పది అంగుళాల 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. ఈ సింగిల్స్ దానికి లోబడి తయారయ్యాయి, చాలావరకు రెండున్నర దగ్గర ముగుస్తాయి.

మూడోది అతి శుభ్రం. పాత రికార్డు హోరు తీసెయ్యాలన్న తాపత్రయంలో నాయిస్ రిడక్షన్ మోతాదు పెంచితే మొదట పోయేది స్టీల్ కడ్డీ తగిలిన క్షణం, ఆ తర్వాత ‘స’, ‘ష’ లాంటి హల్లుల అంచులు. గొంతు నీళ్ళలో మునిగినట్టు మారుతుంది. పాట ముగిసే చోట చివరి స్వరం ఆరిపోవడం వినండి. హోరు సమంగా ఉండి స్వరం అందులో కరిగితే మంచి ప్రతి. స్వరంతోపాటే హోరు కూడా ఠక్కున ఆగిపోయిందా, చెయ్యి చేసుకున్నారన్నమాట. కొంచెం హోరుకు నాకేం అభ్యంతరం లేదు, బతికిన వాద్యం కావాలి.

సొంతంగా 78 రికార్డులు సంపాదించి ఎక్కించుకునేవాళ్ళకు మరికొన్ని లెక్కలున్నాయి. ఎల్.పి. సూది పనికిరాదు. 78 గాడి వెడల్పు, దానికి అంగుళంలో వెయ్యోవంతులు మూడు, అంటే సుమారు 76 మైక్రాన్ల మొన కావాలి. ఎల్.పి. మొన 25 మైక్రాన్లు మించదు, గాడి అడుగున పడి బురదలో చక్రంలా దొర్లుతూ గరగర తప్ప ఇంకేమీ ఇవ్వదు. తర్వాత ఈక్వలైజేషన్, అంటే రికార్డు కోసేటప్పుడు తగ్గించిన మంద్రాన్నీ పెంచిన తారాన్నీ వినేటప్పుడు తిరిగి సరిచేసే లెక్క. ఇప్పటి ఫోనో ఆంప్లిఫయర్లు చాలావరకు 1954లో స్థిరపడ్డ ఆర్.ఐ.ఎ.ఎ. లెక్కతో పనిచేస్తాయి. దాంట్లో మంద్రం మలుపు 500 హెర్ట్జ్ దగ్గర, పది వేల హెర్ట్జ్ దగ్గర తగ్గింపు 13.7 డెసిబెల్స్. ఈ కాలపు క్యాపిటల్ రికార్డులకు సాధారణంగా సరిపడేది ఎ.ఇ.ఎస్. లెక్క: 400 హెర్ట్జ్, 12 డెసిబెల్స్. తేడా చిన్నదే. సవరించకుండా వింటే బేస్ కాస్త ఉబ్బుతుంది, పై అంచు కాస్త మొద్దుబారుతుంది. బూగీలో ఆ ఉబ్బునే మెచ్చుకుని ‘పాత రికార్డు వెచ్చదనం’ అనేవాళ్ళున్నారు. నడుస్తున్న బేస్‌లో ఒక్కో స్వరం విడిగా వినబడాలంటే సవరించుకోవడమే మంచిది.

వేగం దగ్గర మన దేశంలో ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అక్కడి నుంచి తెచ్చిన పాత సింక్రనస్ (కరెంటు హెర్ట్జ్‌ను బట్టి తిరిగే) మోటారు టర్న్‌టేబుల్‌ను వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టి నడిపితే మోటారు కాలదు గాని, అసలు వేగంలో ఆరింట అయిదు వంతులతోనే తిరుగుతుంది. పాట మూడు స్వరస్థానాలకు పైగా కిందికి దిగిపోతుంది. అసలే మంద్రపు గొంతు ఫోర్డ్‌ది, పాతాళంలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మారుస్తుందే తప్ప హెర్ట్జ్‌ను మార్చదు. మోటారు పుల్లీ మార్చాలి, లేదా హెర్ట్జ్ మార్చే కన్వర్టరు పెట్టాలి, లేదా ఎక్కించుకున్నాక కంప్యూటర్లో వేగం 1.2 రెట్లు చెయ్యాలి. చివరి పద్ధతిలో ఈక్వలైజేషన్ లెక్క కూడా పక్కకు జరిగిపోతుంది గనక దాన్ని వేగం సరిచేశాకే వేసుకోవాలి. వేగం పరీక్షించే గీతల చక్రం కూడా మనకు తగ్గదే కావాలి. 78 వేగానికి 60 హెర్ట్జ్ చక్రంలో 92 గీతలుంటాయి, 50 హెర్ట్జ్ చక్రంలో 77. అమెరికా చక్రాన్ని మన ట్యూబులైటు కింద పెట్టి గీతలు నిలబడేదాకా వేగం సర్దితే, తప్పు వేగాన్ని జాగ్రత్తగా స్థిరపరిచినట్టవుతుంది. చాలా ఎల్.ఇ.డి. బల్బుల కిందైతే గీతలు అసలు తేలవు.

ఇన్ని చవక సంకలనాలు ఎందుకు వస్తున్నాయన్న దానికి జవాబు చట్టంలో ఉంది. ఐరోపాలో 1963కు ముందు విడుదలైన రికార్డింగుల హక్కులు తీరిపోయాయి. ఎవరైనా ఎక్కడి నుంచైనా ఎక్కించి అమ్ముకోవచ్చు, కాబట్టి ఒక కంపెనీ సీడీ నుంచి ఇంకో కంపెనీ సీడీ తయారవుతుంది. ప్రతి మెట్టులోనూ కొంత చెడుతుంది. మన దేశంలో సౌండ్ రికార్డింగుకు 60 ఏళ్ళు. కానీ రచనకూ బాణీకీ రచయిత మరణానంతరం 60 ఏళ్ళు. ఫోర్డ్ 1991లో పోయాడు గనక అతను రాసిన బూగీ పాటలు 2051 దాకా రక్షణలోనే ఉంటాయి. అమెరికాలో 1947–56 మధ్య రికార్డింగులకు 110 ఏళ్ళు. పాత ప్రతి దొరికింది కదా అని యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళు ఈ మూడు లెక్కలూ చూసుకోవాలి.

ఇక పాటలు పేర్చే వరస. పన్నెండు బార్ల పాటలు వెంటవెంటనే నాలుగు పెడితే ఎంతటి అభిమానికైనా చెవి మొద్దుబారుతుంది. అందరూ చేసే తప్పు ఇదే: పేరులో బూగీ ఉన్నవన్నీ ఒకచోట కుప్పపోస్తారు. కాలక్రమం పాటిస్తే ఈ చిక్కు దానంతటదే చాలావరకు తీరుతుంది, ఎందుకంటే ఫోర్డ్ సింగిల్స్ బూగీ, గాథ, బూగీ, యుగళం అన్నట్టే వచ్చాయి. ‘టెన్నెసీ బోర్డర్’తో మొదలుపెట్టండి. అక్కడ గొంతు ఇంకా సభ్యంగా ఉంటుంది. తర్వాత ‘కంట్రీ జంక్షన్’, ‘స్మోకీ మౌంటెన్ బూగీ’. ఇందులో వరస స్థిరపడటం వినొచ్చు. ‘యాంటిసిపేషన్ బ్లూస్’ తర్వాత ‘మ్యూల్ ట్రెయిన్’ వస్తే చెవికి మార్పు దొరుకుతుంది. ఫ్రాంకీ లేన్ పాడిన రికార్డు మోగుతుండగానే ఫోర్డ్ కూడా పాడి కంట్రీ పట్టికలో మొదటి స్థానం కొట్టేసిన పాట అది. ‘క్రై ఆఫ్ ది వైల్డ్ గూస్’ ఉంచాలా వద్దా అంటే నేను తీసేస్తాను, అది పూర్తిగా నాటకం. కే స్టార్‌తో పాడినవాటిలో రెండు యుగళాలు సరిగ్గా మధ్యలో ఉండాలి. ఆడగొంతు వచ్చాక ‘షాట్‌గన్ బూగీ’ మొదటి దెబ్బ రెండింతలు తగులుతుంది. ఆ తర్వాత జో ఫింగర్స్ కార్ పియానోతో వచ్చిన ‘టైలర్ మేడ్ వుమన్’, డిన్నింగ్ సిస్టర్స్‌తో ‘రాక్ సిటీ బూగీ’, ఆపైన ‘మిస్టర్ అండ్ మిసిసిపి’ పెట్టి శ్వాస తీసుకోనిచ్చి, ‘బ్లాక్‌బెరీ బూగీ’, ‘క్యాట్‌ఫిష్ బూగీ’తో 1953 దగ్గర ఆపేయండి.

‘కిస్సిన్ బగ్ బూగీ’, పాలు పితికే పాట కలిపితే మొత్తం పదిహేను పాటలు, నలభై నిమిషాలకు కాస్త తక్కువ, ఒక ఎల్.పి. రెండు వైపులకు సరిగ్గా సరిపోతుంది. మొదటి వైపు యుగళాలతో ముగిసి, రెండో వైపు ‘షాట్‌గన్ బూగీ’తో తెరుచుకోవాలి. ఇంకా చోటు ఉందనిపించినా ‘సిక్స్‌టీన్ టన్స్’ కలపొద్దు. దాన్ని ‘రివర్ ఆఫ్ నో రిటర్న్’, ‘డేవీ క్రాకెట్’ పాటలతో కలిపి 1954 నుంచి మొదలయ్యే సంపుటంలో మొదటి పాటగా వెయ్యండి.